ఒకే నడక ఎరిగిన తెర

పూర్వపు గాజుగొట్టపు మానిటరులో ఎలక్ట్రానుల కిరణం ఎడమనుండి కుడికి ఒక్కొక్క గీతగా సాగుతూ బొమ్మను రచిస్తుంది. సన్ కంపెనీ వర్క్‌స్టేషన్ల కోసం తయారైన పాత తెరలు కొన్ని సెకనుకు సుమారు 61,800 గీతల వేగం ఒక్కటే ఎరుగును. వెడల్పున 1152 చుక్కలు, ఎత్తున 900 గీతలు, సెకనుకు 66 పర్యాయాలు నిండు బొమ్మ. ఐ.బి.ఎం. 1987లో ప్రవేశపెట్టిన వి.జి.ఎ. పద్ధతి ననుసరించే పి.సి. కార్డు మొదలు పెట్టునప్పుడు సుమారు 31,500 గీతల చొప్పుననే సంకేతం పంపుతుంది. ఉత్పలమాల తప్ప మరేమీ రానివాని ముందు ఆటవెలది చదివినట్లే! బలవంతాన నడిపితే లోపలి ట్రాన్సిస్టరు కాలిపోయే ప్రమాదమూ కలదు.

అట్టి 19 అంగుళాల మానిటరొకటి మా కళాశాల సామాను గదిలో పాత ఇనుము కింద తూకానికి సిద్ధమైనది. "ఇది చెడిపోలేదు మాస్టారూ, దీని లెక్క వేరు" అన్నారు భౌతికశాస్త్ర అధ్యాపక మిత్రులు. తెర మారదు గనుక కార్డే మారవలెనని వారి వాదం.

వారు ఒక పాత పి.సి.లో లినక్స్ వేసి, అమరిక ఫైలులో మోడ్‌లైన్ అనే ఒక్క పంక్తి వ్రాశారు. చుక్కల వేగం 92.94 మెగాహెర్ట్జ్, కంటికి కనబడని విరామాలతో కలిపి గీతకు 1504 చుక్కలు, బొమ్మకు 937 గీతలు. భాగించి చూడండి, పై లెక్కే వస్తుంది. కార్డు విడివిడిగా పంపే అడ్డు, నిలువు తాళసంకేతాలను ఒక్కటిగా కలిపి, తెరకు తగిన ప్లగ్గు ద్వారా అందించారు. ఆరంభపు అక్షరాలను వేరొక మానిటరుపై చూచి, కొత్త వేగం స్థిరపడిన తరువాతనే తీగ మార్చి దీనికి కరెంటు ఇచ్చారు. క్షణంలో బొమ్మ నిశ్చలంగా నిలిచింది. చుట్టూ చేరిన పిల్లల ముఖాలు వికసించాయి.

ప్రియ విద్యార్థులారా! ఉర్దూ మాధ్యమంలో చదివి తెలుగు తరగతికి వచ్చినవారు తొలి నెలల్లో మౌనంగా కూర్చుంటారు. ఆ మౌనం అజ్ఞానం కాదు. మా పలుకు వారికి పరిచితమైన నడకలో చేరడం లేదు, అంతే. నడక సవరించుకొనవలసినది మొదట అధ్యాపకుడే. మీరూ సంకోచం విడిచి "మెల్లగా చెప్పండి సార్" అని అడగండి. అడిగిన వారెవరినీ మందబుద్ధి అనరాదు.

కళాశాల సంఘ పెద్దలకు ఒక మనవి. మొదటి సంవత్సరంలోనే ఇట్టివారికి వారానికి రెండు గంటలు ప్రత్యేక తెలుగు బోధనకు అనుమతించండి. చదువు మానుకొని వెళ్ళిపోయేవారిలో కొందరైనా నిలుస్తారు.