మాచిపత్రి వాసన, పెళ్లిచూపులు

డెన్వర్‌లో చదువుతున్న మా అమ్మాయి ఏప్రిల్‌లో నన్ను కొలరాడోలోనే ఉన్న గన్నిసన్ లోయకి తీసుకెళ్లిందండీ. 7,700 అడుగుల ఎత్తు. ఎటు చూసినా బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలే. ఆకు నలిపితే వినాయకచవితి మాచిపత్రి గుర్తొచ్చింది. నిజంగానే రెండూ దగ్గర చుట్టాలట! అక్కడి సేజ్ గ్రౌస్ పక్షులకి చలికాలమంతా ఆ ఆకే తిండి. వీటిని వేరే జాతిగా గుర్తించింది 2000లో, ముప్పున్న జాబితాలో చేర్చింది 2014లో. చాలా భూములు పశువుల ఆసాములవి, కంచె దాటకూడదు. వసంతంలో మట్టిరోడ్లకీ గేట్లు వేసేస్తారు. అందుకే తెల్లవారకముందే రోడ్డుపక్కన కారులో వణుకుతూ కూర్చున్నాం.

మగపక్షులు రొమ్ములు పొంగించి, పసుప్పచ్చ సంచులు ఊదుతూ ఒకటే చిందులు! ఆడపక్షి పట్టనట్టు తిరుగుతోంది. ఎంపిక పూర్తిగా ఆవిడదే.

"చూశావా అమ్మా?" అంది మా అమ్మాయి. దానికి సంబంధాలు చూస్తున్నది నేనే కదా! పక్షులు వెళ్లేదాకా కారు దిగకూడదు. అంతసేపూ దాని మాట వినక తప్పలేదు.