మనది కాని వాకిలి

విహారనౌకలో గది తలుపును చెడగొట్టకుండా అలంకరించుకోవడమెట్లా అన్నది ఒక విషయమా, దాని మీద విశ్రాంత తెలుగు పండితుడొకడు వ్యాసం రాయడమా అని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వుకున్నా ఫరవాలేదు. ముప్పై యేళ్ళకు పైగా అద్దె ఇళ్ళలో కాపురం చేసినవాడికి ఇందులో చెప్పవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందు ఓడ సంగతి చెబుతాను. పెద్ద విహారనౌకల్లో రెండు వేలు, మూడు వేలు, అంతకు మించి కూడా ప్రయాణికులుంటారు. ఒక్కొక్క అంతస్తులో ఈ చివర నిలబడితే ఆ చివర చూపానని నడవా. దానికి రెండు వైపులా ఒకే రంగు, ఒకే కొలత, ఒకే పిడి గల తలుపులు. అంకె తప్ప వేరే భేదం లేదు. మా సీమ పల్లెల్లో ఎంత చీకట్లోనైనా అరుగును బట్టి, వాకిలి ముందరి బండను బట్టి ఎవరి ఇల్లో పోల్చుకుంటాం. ఓడలో ఆ వీలు లేదు. అందుకని అమెరికా వాళ్ళు తమ తలుపుకు ఏదో ఒక గుర్తు పెట్టుకుంటారు. పుట్టినరోజైతే బుడగల బొమ్మలు, పెళ్ళిరోజైతే జంట పేర్లు, క్రిస్మసైతే పచ్చని వలయం. గుర్తుగా మొదలైనది క్రమంగా వేడుక అయింది. తోరణమూ అటువంటిదే కదా!

కొన్నేళ్ళ క్రితం మేము అమెరికాలో ఉన్నప్పుడు మా అబ్బాయి ఫ్లారిడా నుంచి బయలుదేరే ఓడలో నాలుగు రాత్రుల ప్రయాణం ఏర్పాటు చేశాడు. మా ఇంటావిడ సంగతి విన్న వెంటనే అడిగిన ప్రశ్న భోజనం గురించి కాదు, సముద్రపు కుదుపు గురించి కాదు. "ఆ గదికి వాకిలి ఉంటుందా? తోరణం కట్టుకోనిస్తారా?" అన్నది. మా అబ్బాయి నియమాలు చదివి వినిపించాడు. మేకు సరే, దాని ఊసే లేదు. జిగురు కూడదు. టేపు కూడదు. తలుపు పై అంచుకు తగిలించే కొక్కెం కూడదు. విద్యుద్దీపాల దండ కూడదు. సులభంగా అంటుకొని మండే వస్తువులు కూడదు. అయస్కాంతం మాత్రం పెట్టుకోవచ్చు, ఎందుకంటే తలుపు ఉక్కుది. డిస్నీ వారి ఓడలలో కూడా ఇదే పద్ధతి. అయస్కాంతంతో నిలిచే అలంకారానికే అనుమతి. మరొకటి అంటించి తలుపు చెడిపోతే ఆ నష్టం ప్రయాణికుడి ఖాతాలో పడుతుంది.

ఇంత కట్టడి ఎందుకని నేను కొంత విచారించాను. (విచారించడం వ్యాకరణం చెప్పినవాడికి జబ్బు వంటిది.) ఓడకు నీటికంటె నిప్పు ఎక్కువ భయం. 1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో సముద్రయాన భద్రతకు కొన్ని దేశాలు కలిసి ఒక ఒప్పందం రాసుకున్నాయి. తరువాత 1934 సెప్టెంబరులో మోరో క్యాసిల్ అనే ఓడ అమెరికా తీరంలో, న్యూజెర్సీ దగ్గర, తగలబడి 137 మంది పోయారు. ఆ ఓడ లోపలి భాగమంతా అందమైన చెక్కపని, నున్నని మెరుగుపూత. ఆ అందమే నిప్పుకు మేత అయింది. ఆ పాఠంతో ఓడల లోపల చెక్క తగ్గి, మండని పదార్థాలు వచ్చాయి. ఈనాటి గది తలుపు కేవలం మరుగు కోసం కాదు, ఒక గదిలో పుట్టిన మంటను నడవాలోకి రాకుండా కొంతసేపు నిలిపే అడ్డుగోడ. అది తనంతట తాను మూసుకోవాలి, పూర్తిగా మూసుకోవాలి. పై అంచున కొక్కెం తగిలిస్తే ఆ మందం మేరకు సందు మిగులుతుంది, అంచుల రంగూ గీసుకుపోతుంది.

రెండవ కారణం మనుషులకు సంబంధించినది, నాకు అదే ముఖ్యమనిపించింది. ఓడ పొద్దున్నే రేవు చేరుతుంది. పాత ప్రయాణికులు దిగిపోతారు. అదే రోజు మధ్యాహ్నానికి కొత్తవాళ్ళు ఎక్కుతూ ఉంటారు. ఆ నడుమ ఉన్న కొద్ది గంటలలో ఒక్కొక్క పరిచారకుడు తన వంతు గదులన్నీ ఊడ్చి, పక్కలు మార్చి, స్నానాల గదులు కడిగి సిద్ధం చేయాలి. మనం సరదాగా అంటించిన టేపు జిడ్డును గోటితో గీకవలసినవాడు అతడే. మా గదులు చూసిన కుర్రవాడు ఇండోనేషియా వాడు. ఇంటికి పోయి ఏడు నెలలైందని చెప్పాడు. మనం నాలుగు రాత్రులుండే తలుపు అతనికి దినదినమూ తుడవవలసిన తలుపు.

ఇక మా తోరణం. పచ్చి మామిడాకు మాట ఎత్తడానికే లేదు. పచ్చి ఆకులు, పండ్లు దేశం దాటించడానికి, రేవులో దింపడానికి అక్కడ వ్యవసాయశాఖ ఆంక్షలున్నాయి. బట్ట తోరణమైతే మండుతుంది. చివరకు మా మనవరాలు దారి చూపింది. పిల్లల చేతిపనులకు కావలసిన వస్తువులమ్మే అంగట్లో పలుచని అయస్కాంతపు రేకులు దొరుకుతాయి, అట్టను కత్తిరించినట్లు కత్తెరతో కత్తిరించవచ్చు. ఇంటావిడ ఆకు ఆకారం గీసి ఇచ్చింది, పిల్లలిద్దరూ కత్తిరించి ఆకుపచ్చ రంగు వేశారు. పదకొండు ఆకులు. ఈనెలు గీయలేదని వాళ్ళ జేజి ఒప్పుకోలేదు, మళ్ళీ కూర్చుని ఈనెలు గీశారు. "జేజినాయనా, ఆకుకు వెనకవైపు కూడా ఈనె గీయాల్నా?" అని చిన్నవాడు అడిగితే, వెనకవైపు తలుపు చూస్తుందిగాని మనం చూడమన్నాను.

ఓడ ఎక్కాలనుకునే మిత్రుల కోసం మేము తెలుసుకున్న సంగతులు రెండు మూడు చెబుతాను. రేకు అయస్కాంతానికి పట్టు తక్కువ. దాని బరువు అది మోస్తుంది, దానికి మరొకటి వేలాడదీస్తే జారుతుంది. చిన్న బిళ్ళల రూపంలో దొరికే గట్టి అయస్కాంతాలు బాగా పట్టుకుంటాయి, కాని వాటిని తలుపు మీద జరపకూడదు, జరిపితే రంగు గీసుకుపోతుంది. నిలువుగా ఎత్తి తీయాలి. అడుగున పలుచని గుడ్డముక్క అంటిస్తే ఇంకా మేలు. గది అంకెను, తలుపులోని చూపురంధ్రాన్ని, తాళంకార్డు పెట్టే చోటును కప్పకూడదు. కార్డుకు అయస్కాంతపు పట్టీ ఉన్నదైతే ఈ బిళ్ళల పక్కన పెట్టకూడదు. కొన్ని ఓడలలో కొన్ని తలుపులకు అయస్కాంతం పట్టదట, ముందే అడగడం మంచిది.

ఒక వింత చెప్పి ఓడ దిగుతాను. తోరణం పెట్టిన తరువాత ఇంటావిడ గడప కోసం వంగి చూసింది. గది తలుపుకు గడప లేదు! నడవా తివాచీయే నేరుగా లోపలికి వచ్చింది. గడప ఉన్నది స్నానాల గదికి. నీళ్ళు బయటికి పొర్లకుండా అక్కడ ఎత్తుగా కట్టారు. "పసుపు రాయాలంటే దానికి రాయాల్నేమో" అని ఆమె, పిల్లలు ఒకటే నవ్వు. కడప జిల్లా మనిషికి గడప లేని వాకిలి ఎదురవడం నవ్వవలసిన విషయమే. మా జిల్లా పేరే గడప. తిరుమల కొండకు పోయే దారిలో వాకిలి వంటి చోటు కనుక దేవుని గడప అన్నారని పెద్దల మాట. ఉగాదినాడు ఆ దేవుని కడప గుడి గడపను ముస్లిములు కూడా దాటి వచ్చి వేంకటేశ్వరుని దర్శించుకొని పోతారు. కడప స్పెల్లింగు 2005లో ఇంగ్లీషులో మారింది గాని, తెలుగులో దానికి మారవలసిన అవసరం ఎన్నడూ రాలేదు.

ఈ అయస్కాంతపు విద్య కొత్తదే గాని, పరుల వాకిలికి దెబ్బ తగలకుండా తోరణం కట్టే విద్య మా ఇంటావిడకు కొత్తది కాదు. ఉద్యోగంలో బదిలీల మీద జమ్మలమడుగు, పులివెందుల, ప్రొద్దుటూరు, మళ్ళీ ముద్దనూరు. మొత్తం ఏడు ఇళ్ళు. జమ్మలమడుగులో మొదటి ఇల్లు మట్టిమిద్దె. ఇంటి యజమానురాలు బీగంచెవులు చేతికి ఇస్తూ, "అయ్యవారూ, మీకు ముందుండినోళ్ళు తొమ్మిది మేకులు కొట్టిపోయినారు. లెక్కబెట్టుకోండి. పదోది కనపడకూడదు" అన్నది. ఆమె మాటలో కాఠిన్యం లేదు. మట్టిగోడలో మేకు దిగితే మేకంత రంధ్రంతో పోదు, పిడికెడు పెళ్ళ ఊడివస్తుంది. చెక్కలో దిగితే వాన కాలం ఆ రంధ్రంలోకి తడి చేరి, అక్కడి నుంచే చెద మొదలవుతుంది.

అప్పుడు ఇంటావిడ వాళ్ళమ్మ దగ్గర నేర్చిన ఉపాయం బయటికి తీసింది. వాకిలి వెడల్పుకంటె రెండు వేళ్ళు ఎక్కువ పొడవు గల వెదురు బద్దను తీసుకొని, కొద్దిగా వంచి, రెండు నిలువు కమ్ముల నడుమ పైభాగాన ఇరికించాలి. బద్ద తన బిగువుతో తాను నిలుస్తుంది. దానికి పురికొసతో ఆకులు కట్టాలి. తీసేటప్పుడు మళ్ళీ వంచితే చేతికి వస్తుంది. గోడకు తెలియదు, చెక్కకు తెలియదు. ఇప్పుడు కిటికీ తెరలకు స్ప్రింగు కడ్డీలని అమ్ముతున్నారే, అదే సూత్రం. ఆ బద్ద మాతో ఏడు ఇళ్ళూ తిరిగింది, వాకిలి వెడల్పును బట్టి అంగుళం అంగుళం కురచ అయింది. చివరికి ఒక ఇంట్లో చాలకపోతే కొత్తది చేయించుకున్నాం. పులివెందులలో సిమెంటు ఇల్లు, ఇనుప గ్రిల్లు ఉండేది, దారం కడితే సరిపోయేది. ఆ ఇంటి గురించి చెప్పుకోదగినది మరేమీ లేదు.

గడపకు పసుపు విషయంలో మాత్రం ఆమె రాజీ పడింది. చెక్క గడపకు పసుపు పీలిస్తే వదలదు. రాసే ఆచారం ఆ ఇంటివాళ్ళకు లేకపోతే మనం పోయాక వాళ్ళు ఆ పచ్చదనంతో ఏం చేసుకుంటారు? అందుకని గడపను ముట్టకుండా, దాని ముందున్న నల్లని కడప బండ మీద ముగ్గు వేసి ఆ ముగ్గులోనే పసుపు కుంకాలు పెట్టేది. నల్లబండ మీద తెల్లముగ్గు ఎంత శోభిస్తుందో మా ప్రాంతం చూసినవారికి చెప్పనక్కరలేదు. సాయంత్రానికి నీళ్ళు కొడితే బండ బండే.

ఇల్లు ఖాళీ చేసేటప్పుడు జమ్మలమడుగు యజమానురాలు గోడల వెంట తిరిగి నిజంగానే లెక్కబెట్టుకున్నది. తొమ్మిదే ఉన్నాయి. ఆరేండ్లు ఆ ఇంట్లో పండుగలు చేసుకున్నాం, మా అబ్బాయి అక్కడే పుట్టాడు. వాకిలి మీద మా జాడ ఏదీ లేదు. ఆనాడు నాకది గౌరవంగా తోచింది. బండి కదిలిన తరువాత మాత్రం మనసుకు కొంత వెలితిగా ఉండింది.

సొంత వాకిలి ఉన్నవాళ్ళందరూ దాని కిందనే ఉండిపోగలిగారా అంటే అదీ లేదు. మా వదినగారిది, అంటే ఇంటావిడ అక్కగారిది, కొండాపురం మండలంలోని తాళ్ళప్రొద్దుటూరు. పెన్న మీద కట్టిన గండికోట జలాశయం పూర్తి సామర్థ్యం 26.85 టీఎంసీలు. 2020లో నీటిని పెంచినప్పుడు ఆ ఊళ్ళోకి నీళ్ళు వచ్చాయి. పరిహారం, గడువు గురించి జనం ఆందోళన చేశారు. చివరకు అందరూ కదలవలసి వచ్చింది. ఆ రోజులలో అటు పోయినవాడికి కనిపించే దృశ్యం ఒక్కటే. ట్రాక్టర్లలో దూలాలు, బండలు, తలుపులు, వాకిళ్ళు. ఇల్లు మోసుకుపోలేనివాడు వాకిలి మోసుకుపోతాడు.

వదినగారి వాకిలి వేపమానుది. పై కమ్మీ మధ్యన తామరపువ్వు, అటొకటి ఇటొకటి తోరణం కోసం రెండు ఇనుప రింగులు. చేయించినవారు ఆమె మామగారు. తోరణానికి చోటు వాకిలి పుట్టినప్పుడే కల్పించిన కాలమది, మేకు కొట్టే అగత్యమే ఉండేది కాదు. మేస్త్రీ గడ్డపార వేయబోతే ఆమె ఒప్పుకోలేదు. గోడను పైనుంచి తడిపి, మట్టిని చేతులతో దొలిచి, రెండు దినాలు పట్టించి వాకిలిని నిలువునా బయటికి తీయించింది. అవతల నీళ్ళు వస్తున్నాయి, ఇవతల ఈమె మట్టి దొలిపిస్తున్నది. ఇంత చేసినా ఒక పక్క రింగు ఊడి మట్టిలో కలిసిపోయింది.

తరువాత ఏడాదిన్నర ఆమె అద్దె ఇంట్లో ఉన్నది. ఆ వాకిలి పెరట్లో గోడకు ఆనించి ఉండేది, మీద టార్పాలిన్ కప్పి. ఉగాదికి మేము పోయినప్పుడు చూశాము. అద్దె ఇంటి గుమ్మానికి ఏమీ కట్టలేదు. పెరట్లో టార్పాలిన్ తొలగించి, ఆ గోడకు ఆనిన వాకిలికి మామిడాకులు కట్టి, గడపకమ్మికి పసుపు రాసి ఉన్నది. ఆ వాకిట్లోంచి లోపలికి పోవడానికి ఇల్లు లేదు, ఇటుక గోడ ఉన్నది. మా ఇంటావిడ తాను తెచ్చిన వెదురు బద్దను సంచిలోంచి తీయనే లేదు.

ఇప్పుడు వదినగారికి కొత్త ఊళ్ళో ఇల్లయింది. అయిదున్నర అడుగుల పాత వాకిలి పెడితే ఇల్లు మరుగుజ్జుగా కనబడుతుందని మేస్త్రీ ఎంత చెప్పినా వినలేదు, అదే పెట్టించింది. పొడుగరి మనవళ్ళు తల వంచి లోపలికి పోతున్నారు. అమెరికా నుంచి తెచ్చిన ఆ అయస్కాంతపు ఆకులు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుండాయి. వాసన లేదు గాని" అని బీరువాకు పెట్టింది.

ఊడిపోయిన రింగు చోట చిన్న మేకు కొట్టిస్తే సరిపోతుంది కదా, ఇది మీ సొంత వాకిలే కదా అన్నాను. "మేకు యాడ కొట్టమంటావు మరిదీ, పువ్వు పక్కనా?" అన్నది. దారాన్ని ఒకవైపు మిగిలిన రింగుకు కట్టి, రెండోవైపు పక్కనున్న కిటికీ కడ్డీ దాకా లాగి ముడి వేసింది. తోరణం కొంచెం ఏటవాలుగా ఉంటుంది.