మృత్యులోయలో వెలిగారం

డెత్ వ్యాలీ అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎండే. 1913 జులై 10న ఇక్కడి ఫర్నేస్ క్రీక్‌లో 56.7 డిగ్రీలు నమోదైంది. ప్రపంచ రికార్డు! లాస్ వెగాస్ నుంచి వచ్చే టూరిస్టులు సముద్రమట్టానికి 86 మీటర్ల కిందున్న బ్యాడ్‌వాటర్ దగ్గర ఫొటోలు దిగి వెళ్లిపోతుంటారు. నేను మాత్రం హార్మొనీ బోరాక్స్ వర్క్స్ చూడాలనే వచ్చా.

బోరాక్స్ అంటే మన వెలిగారమే. కంసాలి నగ అతికేటప్పుడు వేస్తాడే, ఆ తెల్లపొడి. వేడికి కరిగి గాజులా పరుచుకుంటుంది, లోహం మీది ఆక్సైడ్ పొరను తనలో కలిపేసుకుంటుంది. అందుకే అతుకు గట్టిగా పడుతుంది. క్యారమ్స్ బోర్డు మీద చల్లే బోరిక్ పౌడర్ కూడా ఈ బోరాన్ కుటుంబానిదే.

ఇప్పుడిక్కడ మిగిలినవి కూలిన మట్టి గోడలు, తుప్పుపట్టిన బాయిలర్, పెద్ద చక్రాల బండ్లు. ఎదురుగా ఉప్పు మైదానం. 1883 నుంచి 1888 దాకా కూలీలు ఆ నేల మీద పత్తి ఉండల్లాంటి యూలెక్సైట్‌ని ఏరి తెచ్చేవారు. అందులో బోరాన్‌తో పాటు సోడియం, కాల్షియం ఉంటాయి. దాన్ని సోడాతో కలిపి నీళ్లలో మరిగిస్తే కాల్షియం మడ్డిలా అడుక్కి దిగుతుంది. పైనున్న ద్రావణం చల్లారితే, తొట్టెల్లో వేలాడదీసిన కడ్డీలకు వెలిగారం స్ఫటికాలు కట్టేవి.

చిక్కల్లా ఆ చల్లారడంలోనే! వేసవిలో ఇక్కడ నీళ్లు చల్లారేవే కావు. దాంతో కాస్త చల్లగా ఉండే అమర్‌గోసాకి పని మార్చాల్సి వచ్చింది.

తయారైన సరుకుని 18 కంచరగాడిదలు, 2 గుర్రాలు కలిసి 265 కిలోమీటర్ల దూరంలోని మొహావే రైల్వే స్టేషన్‌కి లాగేవి. ఆ '20 కంచరగాడిదల' బొమ్మే తర్వాత అమెరికాలో బోరాక్స్ డబ్బాల మీదికెక్కి ఫేమస్ అయిపోయింది.

మరి నేల గీకినవాళ్లు? వాళ్లు చైనా కూలీలు. రోజుకు దాదాపు 1.30 డాలర్ల కూలి, అందులోంచే తిండికీ బసకీ కోత. చైనా కూలీలు అమెరికాలో అడుగుపెట్టకుండా 1882లోనే చట్టం కూడా వచ్చింది. డబ్బా మీద వాళ్ల బొమ్మ లేదు.

మీరు వెళ్తే నవంబరు, మార్చి మధ్య వెళ్లండి. నీళ్లు దండిగా పెట్టుకోండి. బండ్ల దగ్గర ఫొటో దిగాక, ఎదురుగా ఉన్న ఆ తెల్లటి నేలని కూడా కాసేపు చూడండి. వాళ్లు పనిచేసింది అక్కడే.