మార్ఫిన్ ఇచ్చిన రాత్రి

మత్తు విభాగంలో పీజీ చేసే రోజుల్లో నడుము ఆపరేషన్ అయినవాళ్ల దగ్గర రాత్రి డ్యూటీ అంటే నాకు కంటిమీద కునుకు ఉండేది కాదు. రాడ్లూ స్క్రూలూ వేయించుకున్నవాళ్లు పక్కకి ఒత్తిగిలాలంటే ప్రాణం పోయినట్టు అరిచేవాళ్లు. అందుకే గాయం మూసేముందు, కళ్లెదుట కనిపిస్తున్న, వెన్నుపామును కప్పి ఉండే డ్యూరా పొరలోంచి సన్నటి సూదితో సర్జన్ వెన్నుద్రవంలోకి మందు ఎక్కించేవారు.

ఆ రాత్రి పక్కపక్క మంచాల్లో ఇద్దరున్నారు. ఒకాయనకి 25 మైక్రోగ్రాముల ఫెంటానిల్, ఒక పెద్దావిడకి 150 మైక్రోగ్రాముల మార్ఫిన్ పడింది. ఆయన మత్తులోంచి హాయిగా లేచాడు. చీకటిపడేసరికి దుప్పటి అంచు గుప్పిట్లో నలిపేస్తున్నాడు. "ఇందాక బానే ఉంది గదా డాక్టరమ్మా, మళ్లీ మొదలైందేంటి?" అన్నాడు. ఫెంటానిల్ కొవ్వులో ఇట్టే కరుగుతుంది. నిమిషాల్లో పనిచేసి, రెండు నుంచి నాలుగు గంటల్లో తగ్గిపోతుంది. ఆయనకి వేరే నొప్పిమందు సెలైన్‌లో పెట్టించాను.

పెద్దావిడ మాత్రం ముక్కు రుద్దుకుంటూనే ఉంది. "నొప్పి లేదు తల్లీ, ఈ దురదే చంపుతోంది" అంది. మార్ఫిన్ నీటిలో కరిగే మందు. వెన్నుద్రవంలోనే నిలిచి దాదాపు రోజంతా నొప్పిని ఆపుతుంది. 1979లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు క్యాన్సర్ రోగుల్లో చూసిందీ ఈ గుణాన్నే. అయితే ఆ మందు మెల్లగా మెదడు వైపు పాకుతుంది. ఎన్నో గంటలు గడిచాక కూడా ఊపిరి మందగించవచ్చు. ఆక్సిజన్ పెట్టి ఉంటే వేలికి తగిలించిన యంత్రం ఆ సంగతి వెంటనే చెప్పదు. అందుకే గంటగంటకీ పొట్టమీద చెయ్యి వేసి, గడియారం చూస్తూ శ్వాసలు లెక్కపెట్టాం. ట్రేలో మార్ఫిన్‌కి విరుగుడు నాలోక్సోన్ సిద్ధంగా ఉంది. తెల్లవారుజామున లెక్క నిమిషానికి పదికి దిగింది. "అమ్మా, ఒకసారి కళ్లు తెరవండి" అని నర్సు భుజం తట్టి పిలిచింది. ఆవిడ కళ్లు తెరిచి మంచినీళ్లడిగింది. ఊపిరి మళ్లీ పుంజుకుంది. నాలోక్సోన్ అవసరం పడలేదు. పొద్దున్నే ఫిజియోథెరపిస్టు చెయ్యి పట్టుకుని లేచి నిలబడింది.

ఇప్పుడు ఏ సర్జన్ మార్ఫిన్ వేద్దామన్నా నేను ముందు అడిగేది "రాత్రికి వార్డులో ఎవరుంటారు?" అనే. శ్వాస లెక్కపెట్టే మనిషి లేకపోతే ఒప్పుకోను. ఫెంటానిల్, దానికి తోడు వేరే నొప్పిమందులతో సరిపెడతాను. కానీ నర్సు లేదన్న ఒక్క కారణంతో రోగికి మంచి మందు దక్కకపోవడం అన్యాయం. రాత్రి డ్యూటీకి మనిషిని పెట్టడం కూడా నొప్పికి చేసే వైద్యమేనని ఆసుపత్రులు ఒప్పుకుని తీరాలి.