పటమటకి 4, విజయవాడకి 7

కంప్యూటరు చెప్పిందంటే ఇక తిరుగులేదని నమ్మే జాతి మాది. కాగితాల మీద పరీక్షలు పెట్టడం ఏనాడో మానేశాను. ప్రశ్నలు ఫోన్లోకే పంపిస్తాను, మార్కులు కూడా యంత్రమే వేసేస్తుంది. ప్రాణానికి ఎంత హాయో!

మొన్న పైథాన్ పాఠంలో, మాట పొడవు లెక్కపెట్టే 'లెన్' గురించి చెబుతూ, ఉన్నచోటే కదా అని 'పటమట' ఇచ్చాను. 4 అంది. భేష్! ఆ ఊపులో 'విజయవాడలో అక్షరాలెన్ని?' అని పరీక్షలో అడిగి, జవాబు కూడా యంత్రాన్నే అడిగి 7 అని పెట్టేశాను. ఒక కుర్రాడు 5 అని రాశాడు. సున్నా వచ్చింది.

తగువేమీ పెట్టుకోలేదతను. నా బల్ల దగ్గరకొచ్చి, వేళ్ళు మడుస్తూ, "వి, జ, య, వా, డ. చిన్నప్పుడు బళ్ళో ఇలాగే చెప్పారండి" అన్నాడు. అంతే.

నాకు ముచ్చెమటలు పోశాయి. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకి చోటు దక్కింది గాని, అందులో గుడి, దీర్ఘం విడివిడి సంకేతాలు. 'వి' అంటే రెండు. పటమటలో అన్నీ తలకట్లే గనక గుట్టు బయటపడలేదు. 'స్త్రీ' అయితే ఒక్క అక్షరానికి 6 లెక్క! విజయవాడని తిరగేయమంటే 'డావయజివ' అవుతుంది. వా దగ్గర దీర్ఘం పోయి డకి అంటుకుంటుందన్నమాట. యంత్రం అబద్ధమాడలేదు లెండి. అది లెక్కపెట్టింది సంకేతాల్ని, నేను పిల్లల్ని అడిగింది అక్షరాల్ని.

కుర్రాడికి మార్కు కలిపాను. 7 రాసిన వాళ్ళకి మాత్రం తీసేయాలా? వాళ్ళు నేను నేర్పినట్టే రాశారు మరి. ఇంకా తేల్చుకోలేదు.