ముప్పావు అంగుళం సిలిండర్

ఇంగ్లండు నుంచి వచ్చిన పెట్టె విప్పితే అందులో ఉన్నవి గరుకు గరుకు పోత ముక్కలు, ఒక డ్రాయింగు. అది స్టువర్ట్ 10వి అనే బుల్లి ఆవిరి ఇంజను కిట్టు. సిలిండర్ లోపలి వ్యాసం ముప్పావు అంగుళం, స్ట్రోకూ అంతే.

పుత్తూరులో మరమగ్గాల సామాన్లు తిప్పే లేతు దగ్గర, రోజూ పని ముగిశాక, రెండేళ్లు కూర్చున్నాను. పోత ఇనుముకు పైపొర గట్టి. మొదటి కోతే లోతుగా పడాలి. పైపైన గీకితే టూలు మొన పోతుంది.

అసలు కష్టం వాల్వు దగ్గర. పిస్టన్ చివరికి చేరేసరికి ఆవిరి దారి సన్నగా తెరుచుకోవాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా చక్రం కుంటుతుంది. మా ఊళ్లో కట్టు కట్టేవాళ్లు వేళ్లతో తడిమి, ఎముక ఎక్కడ తప్పిందో పట్టేస్తారు. నేనూ కళ్లు మూసుకుని ఫ్లైవీలు తిప్పుతూ, బిగుసుకునే చోటును వేలితోనే వెతికాను.

ఆవిరి పెట్టేముందు గాలితో నడిపి చూడాలి. పంక్చరు అంగడి కంప్రెసర్‌కు ట్యూబు తగిలించాం.

"రోంత నూనె ఎయ్‌నా" అన్నాడు అంగడి పిల్లోడు.

చుక్క వేసి చక్రం నెట్టాను. ఒకసారి దగ్గి ఆగింది. మళ్లీ నెట్టాను. పట్టుకుంది! రేణిగుంట వైపు పోయే గూడ్సు చప్పుడులోనూ ఆ టకటక విడిగా వినిపించింది. గాలి అయిపోయేదాకా ఇద్దరం మాట్లాడలేదు.