నల్ల ఇసుక మీద నియాన్

సింగపూర్ ప్రభుత్వ ఫ్లాట్లలో పిల్లిని పెంచుకోవడానికి 2024 సెప్టెంబరు దాకా అనుమతి లేదు. కుక్కయితే ఒక్కటే, అదీ వాళ్లు ఒప్పుకున్న జాతిదే. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో పిల్లలు మారాం చేస్తే పెద్దవాళ్ల చూపు చేపల తొట్టె మీదకు పోయేది. ఈ కాలమిస్టు ఇంట్లోనూ అంతే. 45 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు ఉన్న తొట్టె టీవీ పక్కకు చేరింది. నిండా పోస్తే 40 లీటర్లు పడుతుంది.

ఇక రంగులు. సెరంగూన్ నార్త్‌లోని అక్వేరియం దుకాణంలో పాప గులాబీ రంగు రాళ్ల సంచీ పట్టుకుని వదల్లేదు. దుకాణం పెద్దాయన వాదించకుండా రెండు తొట్టెలు చూపించాడు. రెండింట్లోనూ నియాన్ టెట్రాలే. తెల్ల ఇసుక మీద తిరిగేవి వెలిసిపోయినట్టున్నాయి. నల్ల ఇసుక మీదవాటికి నీలి గీత మెరుస్తోంది, నడుము నుంచి తోక దాకా ఎరుపు చిక్కగా ఉంది.

నేల తెల్లగా ఉంటే చేప చర్మంలోని కణాలు రంగును ముడుచుకుంటాయి. వేటాడేవాటి కంట పడకుండా అదో రక్షణ. నియాన్ల సొంత ఊరు అమెజాన్ ప్రాంతపు వాగులు. అక్కడ రాలిన ఆకులతో అడుగంతా నల్లగా ఉంటుంది.

గులాబీ సంచీ మళ్లీ అరలోకి వెళ్లింది.

నియాన్లకు తోడుగా పిగ్మీ కోరీలనే బుల్లి చేపలు అనుకున్నారు. ఇవి మీసాలతో నేల తవ్వుకుని తింటాయి, గరుకు రాళ్లయితే ఆ మీసాలు అరిగిపోతాయి. కాబట్టి గ్రావెల్ కాదు, సన్న ఇసుకే. 3 సెంటీమీటర్ల మందానికి 4 లీటర్లు, అంటే దాదాపు 6 కిలోలు. బియ్యం కడిగినట్టు నీళ్లు తేటపడేదాకా కడగాలి.

విశాఖ బీచ్‌లో ఏరుకొచ్చిన గవ్వలు కూడా వేద్దామంది పాప. వాళ్లమ్మ ఒక గవ్వ మీద రెండు చుక్కలు వెనిగర్ వేసింది. బుస్సున నురగొచ్చింది. అది సున్నం. నీటిలో మెల్లగా కరిగి కాఠిన్యం పెంచుతుంది. మెత్తటి నీళ్లు కోరే టెట్రాలకు అది పడదు.

మొదటి జాబితాలో జీబ్రా డానియోలు, గప్పీలు కూడా ఉన్నాయి. డానియోలు మన గంగా, బ్రహ్మపుత్ర ప్రాంతాలవే. 1999లో సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయంలో గాంగ్ జియువాన్ బృందం వీటికే జెల్లీఫిష్ జన్యువు ఎక్కించి ఆకుపచ్చగా మెరిసేలా చేసింది. కానీ నిమిషం కుదురుగా ఉండని చేప అది. 45 సెంటీమీటర్ల గాజుపెట్టె దానికి ఇరుకు.

నీళ్ల సంగతిలో మన ఊరి అలవాటు ఇక్కడ పనికిరాదు. బకెట్లో పట్టి రాత్రంతా ఉంచితే క్లోరిన్ ఎగిరిపోతుంది గానీ, ఇక్కడి కొళాయి నీళ్లలో ఉండే క్లోరమైన్ పోదు. దాన్ని విరిచే కండిషనర్ కలపాల్సిందే. అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఇసుకలో, ఫిల్టర్‌లో కుదురుకోవడానికి మరో నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి.

ఆ తర్వాత నియాన్లొచ్చాయి, వాటి వెనక కోరీలు. గప్పీలు మాత్రం జాబితాలోంచి పోయాయి. అవి కఠిన జలం ఇష్టపడతాయి, పైగా నెలనెలా పిల్లలు పెడతాయి.

"అయితే వాటికి వేరే తొట్టె కొను నాన్నా," అంది పాప. "గవ్వలు నా దగ్గరున్నాయిగా!"